నాలుగో మానిక

అడవి అంచున ఒక ముసలి ముళ్లపంది చిలగడదుంపలు పండించేది. నక్క దాని గుమ్మంలోకే వచ్చి, గంప దుంపలకు నాలుగు మానికల జొన్నలు కొలిచిచ్చి కొనుక్కుపోయేది. ఆ రాబడి దాని తిండికే చాలడం లేదని తెలిసి సింహం జాలిపడింది. గంపకు మరో మానిక తన కొట్టులోంచి ఇస్తానని అడవంతా చాటించింది.

మర్నాడు నక్క మూడు మానికలు కొలిచి ఆపేసింది.

"నాలుగోదేదల్లుడూ?" అని అడిగింది ముళ్లపంది.

"అది రాజుగారిస్తున్నారు కదత్తా," అంది నక్క.

ముళ్లపంది కొండ ఎక్కి దిగి, సింహం గుహ ముందు పొద్దు వాలేదాకా నిలబడి, ఆ మానిక జొన్నలు తీసుకుంది. కాళ్లు పీకుతుంటే, జరిగింది సింహానికి చెప్పుకుంది.

"ముందూ నాలుగే, ఇప్పుడూ నాలుగే. నీకొచ్చిన నష్టమేమిటి?" అంది సింహం.

"నష్టమేం లేదు దొరా. ఈ నడకే ఎక్కువైంది."

"పోనీ, ఇవ్వడం మానెయ్యమంటావా?"

రాజు మానేసినా నక్క మళ్లీ నాలుగు కొలవదు. ఆ సంగతి ముళ్లపందికి బాగా తెలుసు.

"వద్దు దొరా, ఇస్తూనే ఉండండి," అని, జొన్నల మూట నోట కరుచుకుని మళ్లీ కొండదారి పట్టింది.