మధ్యలోనే ముల్లు

"ముల్లు కొంప ముంచిందిరా, ట్రాక్టరు ఆగిపోయింది, వెంటనే రా," అని బావ ఫోన్ పెట్టేశాడు.

మెకానిక్ బావమరిది పంచరు సామానంతా సంచిలో కుక్కుకుని, ఏ టైరులో దిగిందో ఏమో అనుకుంటూ ఆఘమేఘాల మీద వచ్చాడు. తీరా చూస్తే నాలుగు టైర్లూ నిక్షేపంగా ఉన్నాయి. బావ చెప్పిన ముల్లు ఇంజను వేడి చూపించే మీటరులోది.

"టైరులో ముల్లయితే పీకేసి చక్కా పోయేవాడివి. ఈ ముల్లు పీకితే ఏం లాభం?" అని బావ పొట్ట పట్టుకుని నవ్వాడు.

ఆ ట్రాక్టరు బావ పెళ్ళి కంటే ఒక్క ఏడాది చిన్నది. అక్క దాన్ని సవతి అనే పిలుస్తుంది. దాని రేడియేటరుకి ఎప్పటి నుంచో ఆయాసం. మీటరులో ముల్లు ఆకుపచ్చ దాటి ఎరుపు వైపు జరిగిందంటే ఆపి, చల్లారేదాకా చెట్టు నీడన నిలబెట్టాలి. ఇరవై ఏళ్ళుగా దానికి అదే వైద్యం. ఆ రోజు మాత్రం పొలం నడిబొడ్డున కుక్కర్‌లా ఆవిరి కక్కింది. ముల్లు మాత్రం మధ్యలోనే నిలబడి ఉందని బావ ఒట్టేసి చెప్పాడు.

ముల్లు బిగుసుకుపోయి ఉంటుందని మెకానిక్ కొత్త మీటరు తెచ్చి బిగించాడు.

వారం తిరక్కుండా మళ్ళీ ఉడికింది. ముల్లు మళ్ళీ మధ్యలోనే ఉందట.

ఈసారి ఇంకో మీటరు తెచ్చాడు. బిగించే ముందు అక్క దగ్గర గిన్నెడు మరిగే నీళ్ళు అడిగి, మీటరుకి తోకలా వేలాడే రాగి గొట్టం కొసని అందులో ముంచాడు. ముల్లు బుద్ధిగా ఎరుపులోకి ఎక్కింది. బిగించాక ట్రాక్టరుని తనే అరగంట తిప్పాడు. అప్పుడూ ఎక్కింది, ఆపితే దిగింది.

"నీకైతే సలాం కొడుతుంది, నేనెక్కితే మొండికేస్తుంది," అన్నాడు బావ. ఈ రోజుల్లో ఏ సరుకూ మంచిది రావట్లేదని ఆయన గట్టి నమ్మకం. పేపరు వాళ్ళు సిరా దగ్గర పిసినారితనం చేస్తున్నారని పేపరు మాన్పించాడు. పెరటి గేటు ఎండకి ఇరుకైపోయిందట. దాని స్తంభం ఒకటి ట్రాక్టరు తగిలి పక్కకి వాలి ఉంది.

నాలుగు రోజులకి మూడోసారి ఉడికింది. రబ్బరు గొట్టం పేలడంతో సరిపోయింది. ఇంకోసారి ఉడికితే ఇంజను హెడ్డు పగులుతుంది. ఆ పాత మోడలుకి హెడ్డు ఎక్కడా దొరకదు.

"అది ఆగిపోతే మీ బావ కూడా ఆగిపోతారురా," అంది అక్క వంటింట్లో, గొంతు తగ్గించి. మెకానిక్ తల దించుకున్నాడు. పాతికేళ్ళుగా ఊళ్ళో వాళ్ళ ఇంజన్లన్నిటికీ నాడి పట్టుకుని చూసినవాడికి సొంత అక్క ఇంట్లో రోగమేమిటో అంతు చిక్కలేదు.

మర్నాడు పొద్దున్నే కొత్త గొట్టంతో పాటు మూడో మీటరు కూడా తెచ్చాడు.

"మూడు మీటర్లయ్యాయిరా. ఇంకేం, నాకు చొక్కా కుట్టించెయ్," అన్నాడు బావ.

మెకానిక్‌కి నవ్వు రాలేదు. గొట్టం మార్చాడు. వాలిన గేటు స్తంభాన్ని కాసేపు చూస్తూ నిలబడ్డాడు. తర్వాత మీటరు పట్టుకుని షెడ్డులోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకున్నాడు. పావుగంటకి బయటికొచ్చాడు. ఏం చేశావురా అని అక్క అడిగితే, చిన్న సర్దుబాటు అన్నాడు. మీటరు బిగించేటప్పుడు స్క్రూ రెండుసార్లు కింద పడింది. ఇంజన్లు విప్పే చేతిలో స్క్రూ నిలవదేంరా అని బావ దెప్పాడు.

సాయంత్రం బావ సీటెక్కి ఇంజను స్టార్ట్ చేశాడు. పది నిమిషాలు గడిచాయి. మెకానిక్ పెద్ద చక్రం పక్కన నిలబడి ఉన్నాడు.

"బావా, ముల్లు ఎక్కడుంది?"

బావ స్టీరింగు మీదికి వంగి తేరిపార చూశాడు. "ఎక్కడుంటుందిరా? మధ్యలోనే. నిలబెట్టి మేకు కొట్టినట్టుంది."

"ఇంకోసారి సరిగ్గా చూడు బావా."

"ఎన్నిసార్లు చూసినా అదే. కళ్ళెదురుగా కనబడుతుంటే మళ్ళీ సరిగ్గా చూడ్డం ఏమిటి?"

మెకానిక్ చెయ్యి చాపి ఇంజను ఆపేశాడు. ఇంజను చప్పుడు ఆగడం విని అక్క కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"ఏరా, మళ్ళీ మధ్యలోనేనా? రేపు మొక్కజొన్న లోడు మీద నేనూ, పదిమంది కూలీలూ కూర్చుని మెయిన్ రోడ్డు ఎక్కాలి. దార్లో ఇది ఉడికితే ఏం కాను? లోపం ఎక్కడుందో చెప్పి మరీ కదులు."

"చెప్పరా, నేనూ వింటాను," అన్నాడు బావ సీటు మీద నుంచి.

మెకానిక్ బావ వైపు చూశాడు. బావ నవ్వుతూ, అతను నిలబడ్డ చోటుకి జానెడు పక్కకి చూస్తున్నాడు.

ఇంకేం చెయ్యాలో తోచక, పొద్దున షెడ్డులో ఆ మీటరు అద్దం విప్పి తను పీకేసిన ముల్లుని మెకానిక్ చొక్కా జేబులోంచి తీసి, బావ ఎదుటే అక్క అరచేతిలో పెట్టాడు.