ఫిర్యాదు మూసే మీట

మ్యాన్‌హోల్ మూత కోసం మున్సిపాలిటీ వెబ్‌సైట్‌లో ఛాయాదేవి మూడోసారి పెట్టిన ఫిర్యాదు పక్కన కూడా నిన్న ‘పరిష్కరించాం’ అని పడింది. మూత మాత్రం రాలేదు. ఆ గుంతలో పడి పక్కింటావిడ కాలు విరగ్గొట్టుకుంది.

ఛాయాదేవి లెక్కల టీచరుగా రిటైరై, అమీర్‌పేటలో కుర్రాళ్ల మధ్య కూర్చుని కోడింగ్ నేర్చుకుంటోంది. ఈ ఉదయం క్లాసు ఎగ్గొట్టి, ఫిర్యాదుల అధికారి రాఘవేందర్ ఎదుట కూర్చుంది.

“కంప్యూటర్ల చూస్తే పనైపోయిందనే ఉన్నది మేడమ్,” అన్నాడతను.

“ఏడు రోజులు దాటితే ఏ ఫిర్యాదైనా దానంతటదే మూతపడేలా రాశారండీ, మీ వెబ్‌సైట్ కోడ్‌లో.”

రాఘవేందర్ ఉలిక్కిపడ్డాడు. “గది మీకెట్ల తెలిసింది?”

“ఓపెన్ సోర్స్ అని కోడంతా మీరే బయట పెట్టారు కదండీ. తప్పుంటే సరిచేసి పంపమని కూడా అడిగారు.”

“అయితే పంపుండ్రి. జర చూసి చెప్త.”

“పోయినవారమే పంపాను. ఇవాళ పొద్దున్నే మీరు ఓకే నొక్కారు.”

“నేనా? రోజుకు యాభై వస్తయి మేడమ్, అన్నీ చదువుతనా! ఏం మార్చిన్రు?”

“ఫిర్యాదు చేసినవాళ్లు సరేనంటేనే అది మూతపడుతుంది. లేదంటే రోజూ పదకొండింటికి వాళ్లకి మీ సెల్ నంబరు వెళ్తుంది.”

పదకొండయింది. బల్లమీద అతని సెల్ మోగింది. అది ఆగకముందే ఇంకో కాల్ వచ్చింది.

“గిది ఫోన్‌ల చెప్తే సరిపోతుండె గదా,” అన్నాడు రాఘవేందర్ నీరసంగా. “గింత దూరమెందుకొచ్చిన్రు?”

“మీ మొహం చూద్దామనండీ,” అంది ఛాయాదేవి.