నిశ్శబ్దం! పాట ఎక్కుతోంది

గ్రామఫోను రికార్డు మీద ముల్లు దించే ముందు మామయ్య ఇంటిల్లిపాదికీ ఆజ్ఞలు జారీ చేస్తారు. ఫ్యాను ఆపాలి. కుక్కరు కూత పెట్టకూడదు. దగ్గొస్తే వీధిలోకి పోవాలి. పాత పాటలన్నీ కంప్యూటర్లోకి ఎక్కిస్తున్నారు మరి!

గలగలా మాట్లాడే అత్తయ్య కూడా నోటికి తాళం వేసుకుని కుర్చీలో కూర్చుంటుంది. కోడల్ని కదా, నేను గోడకు జారబడి చెమటలు కక్కుతాను.

నిన్న చెమట తుడుచుకుంటుంటే ఓ వైరు నా కంటబడింది. ప్లేయర్లోంచి తిన్నగా కంప్యూటర్లోకి పోతోంది. మైకన్నదే లేదు. అంటే, మేం పక్కనే డప్పు కొట్టినా పాటలో పడదు!

పాట అయిపోయి అత్తయ్య వంటింట్లోకి వెళ్ళగానే మామయ్యతో ఆ మాటే అన్నాను.

ఆయన ఉలిక్కిపడి వంటింటి వైపు చూశారు. "మెల్లిగా అమ్మా! నాకు తెలీదనుకున్నావా? పెళ్ళయిన ఇన్నేళ్ళకి మీ అత్తయ్య ఓ గంట మాట్లాడకుండా కూర్చుంటోంది. నోటి దగ్గరి కూడు లాగెయ్యకు తల్లీ!"

నవ్వాపుకుంటూ వంటింట్లోకి వెళ్ళాను. అత్తయ్య నా చెయ్యి పట్టుకుని మూలకి లాగింది.

"ఇందాక ఆ వైరుకేసి అదేపనిగా చూస్తున్నావు. కనిపెట్టేశావా?" అంది గుసగుసగా. "నేను మొదటిరోజే కనిపెట్టాను. మీ మామయ్యకి మాత్రం చెప్పకే. ఆయన గొంతు కలపకుండా ఒక్క పాటైనా విన్నానా ఈ జన్మలో!"