చుక్కల డైరీ

“రెండేళ్లుగా ఒక్కసారీ ఫిట్స్ రాలేదంటే, ఇక మందు మెల్లగా తగ్గిద్దామమ్మా” అన్నాడు డాక్టరు, నా డైరీ తిరగేస్తూ.

ఫిట్స్ రాని ప్రతి రోజుకీ అందులో ఒక బంగారు రంగు చుక్క అంటించి, ఇంకొకటి నా కూతురి అరచేతికి అంటిస్తాను. పన్నెండేళ్లొచ్చినా దానిది మూడేళ్ల పిల్ల బుద్ధి. మొదట్లో చుక్క దక్కని రోజున అన్నం ముట్టేది కాదు.

“గట్టిపిండమండీ మా అమ్మలు!” అన్నాను. ఎన్నాళ్లకో నవ్వొచ్చింది.

అంతలో అమ్మలు ఎడమచేతి వేళ్లు వణికాయి. నావైపు ఓసారి చూసి, కుర్చీ దిగి, మూలనున్న తెర వెనక్కి వెళ్లిపోయింది.

“దాగుడుమూతలండీ. ఇంట్లోనూ అంతే, ఉన్నట్టుండి బీరువా వెనక నక్కుతుంది. నేను వంద లెక్కపెట్టినా బయటికి రాదు” అని చెప్పి, నవ్వుతూ మొదలుపెట్టాను. “ఒకటి... రెండు...”

పదిహేను దగ్గర తెర వెనక బల్ల టకటకా కొట్టుకుంది. డాక్టరు ఒక్క ఉదుటున లేచి తెర లాగాడు.

నా కూతురు నేలమీద గిలగిలా కొట్టుకుంటోంది. నోట్లో గౌను అంచు కుక్కుకుని ఉంది.

చాలాసేపటికి కళ్లు తెరిచి, నాకేసి అరచెయ్యి చాపింది.

“చప్పుడు చెయ్యలేదమ్మా... చుక్క?”