ఎడమ అంచు

“ఈ చివర ఉన్నవాడి ముఖం ఏది?” అంటూ మిల్లు సెక్యూరిటీ ఆఫీసరు ఫోటోను బల్లమీద ఫోటోగ్రాఫరు ముందుకు తోశాడు.

సమ్మె మొదలైన రోజు మిల్లువాళ్ళే పిలిపించి తీయించిన ఫోటో అది. పొద్దున్న ఆరుగంటల షిఫ్టు వేళ. మూసిన గేటు, దాని ముందు నలభైమంది కార్మికులు. మధ్యలో ఉన్నవాళ్ళ గడ్డాల మీద వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు. ఎడమ చివర గేటుకు తాళం వేస్తున్న మనిషి మాత్రం తడిచేత్తో తుడిచేసినట్టున్నాడు. నీలం గళ్ళ చొక్కా, ముందుకు వంగిన భుజాలు, అంతే.

ఫోటోగ్రాఫరుకి ఆ రెండూ చాలు. తన భార్య తమ్ముడు. ఆ మిల్లులోనే పనిచేస్తూ, తన ఇంట్లోనే తిని, తన ఇంట్లోనే పడుకునే బావమరిది. తాళం వేసినవాడు దొరికితే ఉద్యోగం ఒక్కటే పోదు, జైల్లో వేయిస్తామని మిల్లువాళ్ళు గోడలకు కాగితాలు కూడా అంటించారు.

“లెన్సు మంచిది కాదు సార్” అన్నాడు.

ఆఫీసరు నవ్వాడు. “పోయినేడు మా వాళ్ళ గుర్తింపు కార్డుల ఫోటోలకి వచ్చినప్పుడు ఇంత మంచి లెన్సు ఇంకెవరి దగ్గరా లేదన్నావు.”

“పనికోసం వచ్చినవాణ్ణి, ఇంకేమంటాను సార్?”

ముఖాన్ని కంప్యూటర్లో చెరిపేశావని ఆఫీసరు మొహాన్నే అనేశాడు. లెన్సుదే తప్పని ఇప్పుడు ఇక్కడే రుజువు చెయ్యాలి. చెయ్యలేకపోతే పోలీసులకు చెప్పుకోవాలి.

అబద్ధం ఆడి ఉంటే ఇంత భయం ఉండేది కాదేమో. ఫోటోగ్రాఫరు చెప్పింది నిజం. లోపలి అద్దాల్లో ఒకటి కంపెనీలోనే వంకరగా కూర్చుంది. బొమ్మంతా మేలుకుని ఉంటే ఎడమ అంచు నిద్రపోతుంది. కొన్న వారానికే తెలిసింది. మార్చమని పోతే షాపువాడు, ముఖాలు మధ్యలో ఉంటాయి కానీ అంచులు ఎవరు చూస్తారండీ అని పంపించేశాడు. ఇంకోటి కొనే తాహతు లేక ఆరేళ్ళుగా దానితోనే కాపురం చేశాడు. పెళ్ళి గ్రూపు ఫోటోల్లో ఎడమ చివర మనిషిని నిలబెట్టకుండా పూలకుండీ పెట్టించేవాడు. అందం కోసమని చెప్పేవాడు.

లెన్సు గుణం తేల్చడానికి న్యూస్‌పేపరు ఒకటి చాలు. ఫోటోగ్రాఫరు బల్లమీదున్నదే తీసుకుని గోడకు బల్లపరుపుగా అంటించి, ఆ లెన్సున్న కెమెరాను స్టాండు మీద పెట్టాడు. ఇంతలో ఆఫీసరు లేచొచ్చాడు.

“ఉండు. లెన్సు నంబరు నేను పెడతాను.”

తెలిసినవాడిలాగే ఎనిమిదికి తిప్పాడు. నంబరు పెంచితే లోపలి కన్నం చిన్నదవుతుంది. కన్నం చిన్నదైతే ఎంత దిక్కుమాలిన లెన్సయినా ఒళ్ళు దగ్గర పెట్టుకుంటుంది. ఆ ముక్క ఇప్పుడు చెబితే తప్పించుకుంటున్నాడంటారు. ఏమైతే అదే అయిందని ఫోటోగ్రాఫరు బటన్ నొక్కాడు.

ఆఫీసరు బొమ్మను కంప్యూటర్లో పెద్దది చేసి ఎడమ చివరకి జరిపాడు. తర్వాత తాపీగా, స్కూలు పిల్లాడిలా కూడబలుక్కుంటూ పైకి చదివాడు. “రెండు గదుల ఇల్లు... అద్దెకు ఇవ్వబడును.” చదివి ఫోన్ అందుకున్నాడు.

ఆరేళ్ళుగా ఏ చివర బాగుండాలని కోరుకున్నాడో ఆ చివర ఇవాళ బాగుంది. ఫోటోగ్రాఫరు లెన్సును మనసులోనే నానా బూతులూ తిట్టుకున్నాడు.

“సార్, అది తీసింది తెల్లారగట్ల. ఆ వెలుతురుకి ఎనిమిది మీద పెడితే చీకటి తప్ప ఏమీ పడదు. ఏ నంబరు మీద తీశానో మీకిచ్చిన ఫోటో ఫైల్లోనే రాసుంటుంది. చూసి, పోలీసులకి ఆ తర్వాత చెయ్యండి.”

ఆఫీసరు ఫోన్ పట్టుకునే కంప్యూటర్లో చూశాడు. ఒకటి పాయింటు ఎనిమిది అని ఉంది. ఫోటోగ్రాఫరు ఆయన అనుమతి కోసం ఆగలేదు. కర్టెన్లు లాగేసి, లైటు ఆర్పేసి, అదే నంబరు మీద పెట్టి నొక్కాడు.

ఈసారి పేపరు మధ్యలో అక్షరాలు సూదితో చెక్కినట్టున్నాయి. ఎడమ చివర అద్దె ఇల్లు లేదు. చీమలబారు మీద అరచెయ్యి రాసినట్టు నల్లటి మరకలున్నాయి.

ఆఫీసరు తెర చూశాడు. ఫోన్ కింద పెట్టాడు. “దీంతోనా మా వాళ్ళ కార్డులకి ఫోటోలు తీసింది” అన్నాడు. రేపటినుంచి గేటు ఛాయలకి రావద్దన్నాడు. ఈ లెన్సు సంగతి అందరికీ చెబుతానని కూడా అన్నాడు.

ఆ కార్డుల పనే ఇంటికి సగం ఆధారం. అయినా ఫోటోగ్రాఫరు దండం పెట్టి, మెట్లన్నీ తేలిగ్గా దిగాడు. ఆరేళ్ళలో మొదటిసారి ఆ లెన్సును సంచిలో జాగ్రత్తగా పెట్టుకున్నాడు.

బావమరిది ఇంటి గుమ్మంలోనే కాచుకుని ఉన్నాడు. చెప్పులైనా విప్పనివ్వకుండా, ముఖం తెలిసిందా అని అడిగాడు. ఫోటోగ్రాఫరు వాణ్ణి లోపలికి లాక్కుపోయి, తలుపు మూసి, జరిగిందంతా చెప్పాడు. పని పోయిందనీ, పేరు పోయిందనీ, పోతే పోయిందనీ చెప్పాడు.

“నిన్నిక ఎవడూ ముట్టుకోలేడురా.”

“నన్నా?” బావమరిది కుర్చీలో కూలబడ్డాడు. “నేను గేటు దగ్గర ఎందుకుంటాను బావా? ఆ రోజు వెనకగోడ దూకి డ్యూటీకి పోయాను.”

“మరి ఆ చొక్కా?”

“మిల్లువాళ్ళు అందరికీ ఒకే తాను చింపి ఇచ్చారు. సగంమంది దాంతో చొక్కాలు కుట్టించుకున్నారు.”

ఫోటోగ్రాఫరు సంచి భుజాన్నుంచి దించాడు. పోనీలే, నువ్వు కానప్పుడు నీకెందుకురా ఈ దిగులు అన్నాడు.

బావమరిది తలెత్తలేదు. “నన్ను సూపర్‌వైజర్ని చేస్తానంటే, ఆ ముఖం చూసి పేరు చెబుతానని ఆఫీసరుకి మాటిచ్చింది నేనే బావా.”