ఇంటివాళ్ల గాలి

బయట యాభై రెండు డిగ్రీలు. పద్నాలుగో అంతస్తు ఫ్లాట్‌లో ఏసీ ఫిల్టర్ కడిగి బిగించిన మెకానిక్ పోశెట్టి, అలవాటుగా అరచేయి చాపాడు. గాలి రాలేదు. ఈ కాలపు ఏసీలు పేరు ఎక్కించిన ఇంటివాళ్లను గుర్తుపట్టి వాళ్లకే చల్లగాలి ఇస్తాయి.

"అమ్మా, జర ముందట నిలబడుండ్రి. చల్లగొస్తుందో లేదో చూడాలె."

"పొయ్యి మీద కూర ఉంది. మా కుక్క బిట్టు పేరు కూడా ఎక్కించాం కదా, దాన్ని కూర్చోబెట్టుకో," అంది వంటింట్లోంచి సుభాషిణి.

పోశెట్టి కుక్కను ఒళ్లోకి తీసుకున్నాడు. గాలి మొదలైంది. పదహారేళ్లుగా ఇలాంటి ఏసీలే బాగుచేస్తున్నా అతని మెడ మీద చెమట ఇవాళే ఆరింది. కళ్లు మూసుకున్నాడు.

"వస్తోందా?"

"ఇంకా రాలేదమ్మా," అని అబద్ధమాడాడు.

"అయ్యో, బిట్టుకు ఉక్కపోస్తుంది! బిట్టూ, ఇటు రా!"

కుక్క ఒళ్లోంచి దూకి పరుగెత్తింది. దాని వెనకే గాలీ వెళ్లిపోయింది.