సాక్షి సంతకం

"అమ్మాయ్, ఆపు! ముందు గాలి వదులు!"

కెమిస్ట్రీ ల్యాబ్ గుమ్మంలోంచి కేక.

బిందుమాధవి తలెత్తేలోపే ఎవరో ఆవిడ పరుగెత్తుకొచ్చి, ఆమె చేతుల్లోని, పైన మూతా కింద ట్యాపూ ఉన్న సెపరేటింగ్ ఫనెల్‌ని పట్టుకుని పక్కకి గుంజింది.

టప్‌మని మూత ఎగిరింది. లోపలిదంతా ఆవిడ మోచేతి మీద చిమ్మింది. గాజు ఫనెల్ సింకులో పడి ముక్కలైంది.

"బుద్ధుందా నీకు? ఎవరసలు నువ్వు?" బిందుమాధవి అరిచింది.

కోపం రాదూ మరి! ఎమ్మెస్సీ ప్రాక్టికల్ పరీక్ష. ఆమ్లం, ఆల్కహాలు కలిపి నిన్నంతా కాచింది. ఇవాళ దాన్ని ఈథర్‌లోకి తీసి, మిగిలిన ఆమ్లం పోవడానికి సోడా ద్రావణం పోసి కడుగుతోంది. ఇంకో గంటలో తయారైన ఎస్టర్ సార్‌కి చూపించాలి. చూపించకపోతే సున్నా. సున్నా అంటే ఫెయిల్.

"మొహం మీద పెట్టుకుని ఊపుతున్నావమ్మా. అట్టా చెయ్యమాక," అంది ఆవిడ.

నలభై అయిదేళ్లుంటాయి. చీరంతా మిరపకాయల ఘాటు. పొద్దుటి నుంచీ శ్రీకృష్ణ సార్ గది ముందు నేల మీద కూర్చున్న మనిషే. ఎందుకొచ్చావని ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు.

"నా మొహం నా ఇష్టం! కాయలు కోసుకునేదానివి, నీకెందుకే ఈ గొడవ?"

ఆవిడ మంటకి పళ్లు బిగబట్టింది.

అటెండర్ నజీర్ గబగబా వచ్చి ఆవిడ చేతిని కుళాయి కింద పెట్టించాడు. "తియ్యమాకమ్మా. పావుగంట నీళ్లు పడాలి."

"నాదేముందిలే అన్నా. ముందు ఆ పిల్లలకి కళ్లజోళ్లు పెట్టండి."

కళ్లజోళ్లు లేవా అంటే, ఉన్నాయి. ముప్పై జతలు. బీరువాలో, తాళం వేసి. తనిఖీ కమిటీ వచ్చిన రోజు తీసి పిల్లల మొహాలకి తగిలిస్తారు, ఫొటో అవగానే ఊడబీకి మళ్లీ లోపల పెడతారు. గీతలు పడతాయట! పిల్లల కళ్లేమైనా పరవాలేదు కాబోలు.

గోల విని శ్రీకృష్ణ సార్ వచ్చాడు. ఈ ల్యాబ్‌కి లెక్చరర్ ఆయనే. పొద్దున హాజరు వేసి వెళ్లినవాడు మళ్లీ ఇప్పుడే రావడం.

"సార్, ఈవిడెవరో నా ఫనెల్ లాగేసి పగలగొట్టింది. అంతా పోయింది సార్!"

సార్ ఆవిడని చూసి ఒక్క క్షణం తడబడ్డాడు. ఆ తర్వాత వచ్చింది కోపం.

"నువ్వా! ల్యాబ్‌లోకే వచ్చేంత ధైర్యమా నీకు?"

"కాదు సారూ, ఆ పిల్ల గాలి వదలకుండా..."

"నోర్ముయ్! పద నా గదిలోకి."

పావుగంట కాదు కదా, రెండు నిమిషాలు కూడా కాలేదు ఆ చేతి మీద నీళ్లు పడి.

"జరిగింది రాసివ్వమ్మా, సంతకం పెట్టి," అన్నాడు సార్ బిందుమాధవితో.

రాసింది. కసిగా రాసింది. ఎవరో తెలియని స్త్రీ పరీక్ష మధ్యలో చొరబడి తన పరికరం పగలగొట్టిందని, తగిన చర్య తీసుకోమని. 'చర్య' కింద గీత కూడా గీసింది.

కాసేపటికి సార్ గదిలోంచి అరుపులు. "పోలీసుల్ని పిలవమంటావా? స్టూడెంట్ తన చేత్తో రాసిచ్చింది, చూడు!" ఆవిడ గొంతు ఒకటి రెండుసార్లు వినిపించింది. తర్వాత వినిపించలేదు.

పక్క బల్ల మీద లిడియా కూడా అదే కడుగుడు మొదలుపెట్టింది. నజీర్ వచ్చి పక్కన నిలబడ్డాడు.

"తలకిందులు చెయ్యమ్మా. మొహానికి కాదు, గోడవైపు. ఇప్పుడు ట్యాప్ తిప్పు."

బుస్సుమని గాలి తన్నుకొచ్చింది. లిడియా అదిరిపడింది.

"అమ్మో, ఇంత గ్యాసా!"

"సోడా, ఆమ్లం కలిస్తే అంతేనమ్మా. పైగా ఈ ఎండకి ఈథరు ఆవిరవకుండా ఊరుకుంటదా? ఊపినప్పుడల్లా వదలాల."

"మాకెవరూ చెప్పలేదే!"

"నన్నడిగితే ఏం చెప్పనమ్మా? సార్‌ని అడగండి."

బిందుమాధవి లెక్క వేసుకుంది. తను ఎన్నిసార్లు ఊపింది? పదిసార్లు? పదిహేను? ఒక్కసారి కూడా ట్యాప్ తిప్పలేదు. మూత సరిగ్గా తన కళ్లకెదురుగానే ఉంది.

ఛీ, ఏం మాటలన్నాను ఆవిణ్ణి!

సార్ గదికి పరుగెత్తింది. ఆవిడ లేదు.

"సార్, ఆవిడేరీ?"

"పోయింది, పీడా వదిలింది. నువ్వు రేపు మళ్లీ చేసుకోమ్మా, నేను చూసుకుంటాలే." సార్ హుషారుగా ఉన్నాడు. "నీ కంప్లైంట్ భలే పనికొచ్చింది. ఏడాదిగా చచ్చినా పెట్టనన్న వేలిముద్ర ఇవాళ పెట్టి, టీసీ పట్టుకుపోయింది."

"ఆవిడ చెయ్యి కాలింది సార్. తప్పు నాది. ఆవిడ లేకపోతే నా..."

"అవన్నీ ఎందుకు ఇప్పుడు? ఇదిగో, సాక్షి అన్నచోట సంతకం పెట్టు."

బిందుమాధవి కాగితం అందుకుంది. టైపు చేసిన నాలుగు లైన్లు, కింద ఇంకా తడి ఆరని వేలిముద్ర.

'మా అమ్మాయి మహిమ నిరుడు ఈ ల్యాబ్‌లో గాలి వదలకుండా ఫనెల్ ఊపి, కేవలం తన అజాగ్రత్త వల్లే రెండు కళ్లూ పోగొట్టుకున్నదనీ, ఇందులో కాలేజీ వారి తప్పేమీ లేదనీ ఒప్పుకుంటూ, తల్లి ఎలీసమ్మ.'